ఊపిరి తిరిగిన మనిషి

మత్తుమందు మోతాదు మించి, పెదాలు నీలంగా మారిన ఒక మనిషి ముక్కులో డాక్టర్ మధులిక విరుగుడు స్ప్రే కొట్టింది. రెండు నిమిషాలకు అతను ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని లేచి, ఆమె మూతి మీద గుద్దాడు.

పక్కనే ఉన్న తమ్ముడు నవదీప్ అతని గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. డబ్లిన్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక సందు అది. వాడిన సూది ఇంకా కాళ్ల దగ్గరే ఉంది.

"ఇడ్సిపెట్టురా! మత్తు దిగంగనే ఒళ్లంత మండుతది, సోయుండదు."

"నెత్తురు కారుతుందక్కా నీకు! గిట్లాంటోళ్లు మత్తు సూదులేసుకునేటందుకు సర్కారు చట్టం చేసి, మన వీధిల సెంటర్ పెడ్తరా? పెట్టనియ్య!" అంటూ మళ్లీ పిడికిలెత్తాడు.

మధులిక ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"సెంటర్ల నర్సు కండ్ల ముందల ఏసుకుంటరు. ఊపిరాగితే ఎంబడే చూస్తది. మొన్న గీ సందులనే ఒక పిల్లకు గిదే మందు కొట్టిన. నేనొచ్చేసరికే ఆలస్యమైంది. ఆ పిల్ల లేసి నన్ను కొట్టలేదురా."

నవదీప్ అక్క ముఖంలోకి చూశాడు. పిడికిలి విప్పాడు. గోడ వెంట జారిపోతున్న ఆ మనిషిని చంకల కింద పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు.