ఈ వరస అయిపోనీ

సూదులు, ఊలు చేతికొచ్చిన రెండేళ్లలో బషీరా నోట ఒకటే మాట మిగిలింది: "ఈ వరస అయిపోనీ." పొయ్యి మీద అన్నం మాడుతున్నా అదే, మొగుడు ఖాసిం కంచం ముందు కూర్చుని పిలిచినా అదే.

"ఏమ్మే, ఇన్ని స్వెట్టర్లు యాడ పెడతావు?" అని అతను విసుక్కునేవాడు. ఎనభై మూడు డిసెంబరులో ఆ రోజు అతను పెనుకొండలో లేడు, పని మీద ధర్మవరం వెళ్లాడు.

పొద్దు గూకగానే కరెంటు పోయింది. బషీరా లేచి దీపం కూడా వెలిగించలేదు. ఆమె వేళ్లకు వెలుతురుతో పని లేదు. చీకట్లో సూదులు టిక్కు టిక్కుమంటున్నాయి.

"అమ్మా, సలి పెడతాండాది," అంది తల్లి అల్లిన స్వెట్టర్ తొడుక్కుని చాప మీద పడుకున్న ఐదేళ్ల కూతురు షంషాద్. దానికి పొద్దుటి నుంచి జ్వరం.

"ఈ వరస అయిపోనీ."

కాసేపటికి మళ్లీ పిలిచింది. మళ్లీ అదే జవాబు. ఆ తర్వాత పిలవలేదు.

చాలా వరసలయ్యాక వేళ్లకు ఏదో తేడా తగిలింది. కొత్త ఊలు నున్నగా జారుతుంది. ఇది వంకీలు తిరిగి ఉంది, ఒకసారి అల్లి విప్పేసిన ఊలులా. అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఊలు నిన్ననే అయిపోయింది.

సూదులు కింద పెట్టి, పోగు పట్టుకుని తడుముకుంటూ పోయింది. అది చాప దాకా వెళ్లింది. బిడ్డ ఒంటి మీద స్వెట్టర్ లేదు. నడుము చుట్టూ అడుగు అంచు మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున మిగిలింది. దాని కింద ఒళ్లు చల్లగా ఉంది.

"షమ్మూ..."

వెనక, ఆమె లేచి వచ్చిన చోట, సూదులు టిక్కుమన్నాయి. చేతి కింద అంచు ఇంకో వరస సన్నబడింది.