మూత పెట్టిన బకెట్టు

కోడలు బిడ్డను ముట్టుకుని ఇవాళ్టికి నాలుగు రోజులు.

అత్తగారు లెక్క తప్పలేదు. సోమవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు ఆ మనిషి బిడ్డ పడుకునే గది గుమ్మం దాటి లోపలికి రాలేదు. తన తలగడ, బట్టలు సంచీలో కుక్కుకుని ముందుగదిలోకి మారిపోయింది. మూడేళ్ళ పిల్లాడు “మ్మ, మ్మ” అంటూ చేతులు చాస్తే, గుమ్మంలోనే నిలబడి తన చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

“వాడు నిన్నే పిలుస్తున్నాడే,” అంది అత్తగారు.

“మీరు ఎత్తుకోండి అత్తయ్యా. నాకు పనికి టైమవుతోంది.”

రేపు పొద్దున ఆపరేషన్. ఇవాళ కూడా పనే!

పిల్లాడికి మింగడం రాదు. ఏం పట్టినా పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడేళ్ళకు ఎనిమిది కిలోలు. పొట్టమీద చిన్న రంధ్రం చేసి, నేరుగా లోపలికి ట్యూబు పెడతామన్నాడు డాక్టరు. “పెట్టడం అరగంట పని. అక్కడ చీము పట్టకుండా చూసుకోవడమే అసలు పని. ఇంకో జ్వరం వస్తే ఈ ఒళ్ళు తట్టుకోలేదు,” అని కూడా అన్నాడు.

ఆ మాట అత్తగారు మనసులో ముడేసుకుంది. వాళ్ళిచ్చిన ఎర్ర సబ్బుతో రోజూ తనే మనవడికి స్నానం చేయిస్తోంది. మోచేతుల దాకా కడుక్కోనిదే వాడి మీద చెయ్యి వెయ్యదు. పక్కింటావిడ తుమ్ముతూ వస్తే గేటు దగ్గరే ఆపేసింది.

“ఆ తుమ్మేదో మీ ఇంట్లో పూర్తి చేసుకుని రండి.”

పోయినవారం నర్సు ఇంట్లో ముగ్గురి ముక్కుల్లోనూ దూదిపుల్ల తిప్పింది. కొందరి ముక్కుల్లో ఏదో క్రిమి కాపురముంటుందట. వాళ్ళకేమీ కాదట. కోసిన చోటికి చేరితేనే ముప్పట.

“అరవై ఏళ్ళుగా దీంతోనే ఊపిరి పీలుస్తున్నాను, ఇప్పుడు దీనిమీద దర్యాప్తా?” అని నర్సును నవ్వించింది అత్తగారు.

సోమవారం ఫలితాలు తెచ్చింది కోడలే.

“ఏమన్నారే?”

“మీకేం లేదత్తయ్యా. వాణ్ణి నిశ్చింతగా ఎత్తుకోవచ్చన్నారు.”

ఆ సాయంత్రం నుంచే వరస మారింది. రెండుపూటలా బాత్రూములో గడియ పెట్టుకుని, అద్దం ముందు ఏదో చిన్న క్రీము ట్యూబు.

“బిడ్డకు కోత పెట్టుకుని మొహానికి మెరుగులా?” అంది అత్తగారు కొడుకుతో.

“వదిలెయ్యమ్మా, అలిసిపోయి ఉంది,” అని అతను చెప్పులేసుకున్నాడు. బస్సు డ్రైవరు. ఇంటి గొడవలన్నిటికీ అతనికి డ్యూటీ టైమే అడ్డొస్తుంది.

మర్నాడు కోడలు మూత బకెట్టొకటి కొనుక్కొచ్చింది. రాత్రి తాను కప్పుకున్న దుప్పటి పొద్దున్నే అందులో పడేసి మూత బిగిస్తుంది. పని నుంచి వచ్చాక వేడినీళ్ళలో తనే ఉతుక్కుంటుంది.

“వేరు కాపురం బకెట్టుతో మొదలైంది,” అని గొణిగింది అత్తగారు.

బుధవారం పొద్దున కోడలు ఫోనులో మాట్లాడటం వినబడింది.

“ఇంకా మూడు రోజులే అక్కా. ఎలాగో గుండె రాయి చేసుకున్నాను. శనివారం గడిస్తే నాకు విడుదల.”

 ముందుగదిలో సర్దిన సంచీ అత్తగారి కళ్ళముందు మెదిలింది. పిల్లాడి జబ్బు బయటపడ్డ రోజున తను అన్నమాట గుర్తొచ్చింది. “నీ కడుపులోనే ఏదో తేడా ఉంది.” ఆ రోజు కోడలు మారు మాట్లాడలేదు. జవాబు ఇప్పుడు చెబుతోంది కాబోలు.

తల్లి మనసు విరిగితే విరిగింది, పిల్లాడేం చేశాడు? మధ్యాహ్నమయ్యేసరికి అమ్మ కోసం వెక్కుతాడు. ఏడిస్తే దగ్గు, దగ్గితే ఆయాసం. దగ్గు పట్టుకుంటే ఆపరేషన్ ఆగిపోతుంది.

అప్పుడు తట్టింది ఆవిడకు. బకెట్టు మూత తీసి, కోడలి దుప్పటి తెచ్చి, మనవణ్ణి అందులో చుట్టింది. వాడు మొహం దాన్లో దూర్చి, రెండుసార్లు గట్టిగా పీల్చి, నిద్రపోయాడు.

ఉతకని దుప్పటే. ఉతికితే అమ్మ వాసన పోదూ? అయినా తల్లి వాసన మురికెలా అవుతుంది?

కోడలు వచ్చేలోపు దుప్పటి మళ్ళీ బకెట్టులోకి చేరింది. నిన్నా అంతే. ఇవాళా అంతే. శనివారం పొద్దున కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు, ధైర్యంగా ఉంటాడని, ఇంకొక్కసారి.

ఆపరేషన్ గది బయట నర్సు కాగితం పట్టుకుని వరసగా అడిగింది.

“సబ్బు స్నానం?”

“రెండుసార్లు.”

“ఉతికిన బట్టలు?”

“ఇస్త్రీ కూడా చేశాను.”

“దగ్గు, జ్వరం?”

“దగ్గరికి రానిస్తేగా!”

“ఇంటికొక మామ్మ మీలా ఉంటే మాకు సగం పని తప్పుతుంది,” అంది నర్సు.

అత్తగారు పొంగిపోయింది. తన చేతులతోనే మనవణ్ణి అందించింది. కోడలు రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడింది. తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్ర దీపం వెలిగింది.

కోడలు బెంచీ మీద కూలబడింది. ఏడుస్తూనే నవ్వింది. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మీరు లేకపోతే నావల్ల అయ్యేది కాదత్తయ్యా. ముందే చెబితే ఇదీ నావల్లే అంటారని భయపడ్డాను. ఆ క్రిమి మన ముగ్గురిలో నా ఒక్కదాని ముక్కులోనే దొరికింది, అందుకే రెండుపూటలా ముక్కులో ఆ మందు రాసుకుంటూ, నా చెయ్యిగానీ నా దుప్పటిగానీ వాడికి తగలకుండా ఈ ఐదు రోజులూ కాచుకున్నాను.”