లోపల వదిలిన గుడ్డ

“ఎండల్లో పెళ్ళి ఆంటీ! పాత బట్టల కొట్లో ఈ పల్చటి నూలు గౌను కారుచౌకగా దొరికింది. గులాబీ రంగు నేనే వేయించాను. నడుం దగ్గర కాస్త వదులు చెయ్యాలి,” అంది పెళ్ళికూతురు.

“ఈ కాలంలో లోపల గుడ్డెవరు వదిలి ఛస్తున్నారమ్మా?” అని విసుక్కుంటూనే టైలరమ్మ కుట్టు విప్పింది.

లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి ఉంది.

“ఎవరో ముందుచూపున్న తల్లి కుట్టినట్టుంది!” పిల్ల సంబరపడింది.

టైలరమ్మ కత్తెర కింద పెట్టేసింది. కాపురానికెళ్ళాక ఒళ్ళు చేస్తుందని పోయినేడు కూతురి తెల్ల పెళ్ళిగౌనులో తను వదిలిన గుడ్డే అది. తెల్లదారం అయిపోతే చివర నీలిదారంతో ముగించిన కుట్టూ తనదే.

మొన్న ఆదివారం ఫోన్లో గౌను సంగతి అడిగితే కూతురు నవ్వింది.

“బీరువాలో భద్రంగా ఉందమ్మా. నాలాగే.”