యంత్రాలు వంతెన దాటాయి

“ఇన్ని కాగితాల్లో ఒక్క ఎర్రగీత కూడా లేదేంటమ్మా?” అంటూ ప్రచురణకర్త ప్రూఫుల కట్టను బల్ల మీద పడేశాడు.

ఎదురుగా నిలబడ్డ ప్రూఫ్‌రీడరు తల దించుకుంది. ఆఫీసులో అందరూ ఆవిడను భూతద్దం అని పిలుస్తారు. కామా కాస్త పక్కకు జరిగినా ఆవిడ కంట పడి తీరుతుంది. అలాంటి మనిషి, గ్రహాంతరవాసులు భూమి మీద దండెత్తే ఆ పాత నవలను ఆసాంతం చదివి, అచ్చుకు సిద్ధమని సంతకం పెట్టి ఇచ్చింది.

“ఇది చూడండి. ‘మంత్రాలు వంతెన దాటాయి’ అట. అవి యంత్రాలు కదా?”

“యంత్రాలేనండీ. నేను యంత్రాలనే చదివాను.”

“మరి ఇదో? ‘జలమంతా ఇళ్ళలోకి పరుగెత్తింది.’ జనం కాస్తా జలమైపోయింది. ఊళ్ళోకి వరదొచ్చిందనుకుంటారు చదివేవాళ్ళు.”

“ఆ పేజీలో నేనూ వాళ్ళతోపాటు పరుగెత్తుతున్నానండీ. అక్షరాలు చూసుకునే తీరిక లేకపోయింది.”

అతనికి నవ్వు రాలేదు. “అసలు దీన్ని మళ్ళీ వేయడమే దండగ. రోజూ టీవీలో రాకెట్లు చూసేవాళ్ళు, పైనుంచి ఎవరో దిగారంటే భయపడతారా? ఆ కాలం పోయింది. ఆపేద్దాం.”

“ఆపకండి.” ఆవిడ తలెత్తింది. “మీరు ఒక్కసారి చదవండి. నాకు కనబడని తప్పులు మీకు చివరిదాకా కనబడితే నవల ఆపేయండి. నన్నూ మాన్పించేయండి.”

“మాట మీద ఉంటారా?”

“ఉంటానండీ.”

అతను కట్ట తీసుకుని, ఎర్ర పెన్ను మూత పీకి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మొదటి పేజీలో రెండు తప్పులు దొరికాయి. రెండో పేజీలో ఒకటి. ఇంత తేలిక పనికి ఉద్యోగం పణంగా పెట్టిందే అని ఆవిడ మీద జాలి కూడా వేసింది.

మూడో పేజీలో యంత్రాలు వంతెన దాటాయి. అవి నిప్పులు కక్కలేదు, ఎవరినీ చంపలేదు. ఊరి మధ్యకు వచ్చి ఆగి, ఒకే ఒక్క మాట వినిపించాయి. “మీలో ఒకరిని మాకివ్వండి. వెళ్ళిపోతాం.” ఎందుకో చెప్పలేదు.

ఊరంతా సినిమాహాల్లో చేరింది. జైల్లో ఉన్న దొంగనిద్దామన్నారు ముందు. తర్వాత వీధి చివర అడుక్కునే గుడ్డివాడన్నారు. ఆ తర్వాత ఒకడు లేచి, మంచం పట్టిన తన తల్లి పేరు తనే చెప్పాడు. ప్రచురణకర్తకు ఒళ్ళు మండిపోయింది. “ఛీ, నువ్వసలు మనిషివేనా?” అని పైకే అన్నాడు. పెన్ను ఎప్పుడు జారి కింద పడిందో అతనికి తెలియదు.

బేకరీవాడికీ పక్కింటివాడికీ గోడ తగాదా. ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆ బేకరీవాడే ఇప్పుడు పక్కింటివాడి కూతుర్ని చల్లారిన పొయ్యిలో దాచి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. ప్రచురణకర్త కుర్చీ అంచుకు జరిగాడు. ఆ పాత రచయిత ఒక్క పెద్ద మాట వాడలేదు. వచ్చినవాళ్ళకు కాళ్ళు రెండో పదో కూడా చెప్పలేదు. అయినా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

చివరికి ఊరివాళ్ళు అందరి పేర్లూ చీటీల మీద రాసి టోపీలో వేశారు. ఇక్కడ గదిలో మసక చీకటి కమ్మింది. ఎవరో తలుపు తీసుకుని వచ్చి లైటు వేశారు. “ష్, చీటీలు తీస్తున్నారు,” అన్నాడు తల తిప్పకుండానే. కాసేపటికి భుజం మీదుగా ఓ చెయ్యి చాపితే, చదవడం అయిపోయిన కాగితం అందించాడు. ఆ చెయ్యి భూతద్దానిదే అయ్యుంటుంది. తిరిగి చూసే తీరిక ఎక్కడుంది?

సినిమాహాల్లో దీపాలు తగ్గించారు. టోపీలోంచి చీటీ తీశారు. తీసినవాడి మొహం పాలిపోయింది. ఎవరి పేరో చదవబోయాడు.

ప్రచురణకర్త పేజీ తిప్పాడు. కింద బల్ల తప్ప ఇంకేమీ లేదు.

సుడిగాలిలా గది బయటికొచ్చాడు. “ఎవరి పేరు వచ్చింది?”

“తప్పులెన్ని పట్టారండీ?” అంది భూతద్దం.

అతను కట్ట ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక్కో కాగితమే తిప్పింది. రెండో పేజీ దాటాక ఎర్రగీత అన్నదే లేదు. ఆవిడ పెదవులు బిగబట్టి కిటికీ వైపు చూసింది.

“నవ్వండి, ఫరవాలేదు,” అన్నాడతను. “ఓడిపోయాను. వాళ్ళెలా ఉంటారో ఒక్క ముక్క రాయలేదు మహానుభావుడు. మన మొహాలే మనకు చూపించాడు. ఇది ఎన్నేళ్ళకు పాతబడుతుందమ్మా? వేసేద్దాం.”

“మరి తప్పులెవరు దిద్దుతారండీ? నా వల్లయితే కాదు. ఇంకోసారి చదివినా మళ్ళీ పరుగెత్తుతాను.”

“మా ఆవిడకిస్తాను. లెక్కల టీచరు కదా. కథంటే ఆమడ దూరం పోతుంది. ఇన్నేళ్ళలో మనం వేసిన నవల ఒక్కటి ముట్టుకోలేదు. ఆవిడ చేతికేదిచ్చినా ఆన్సరు పేపరే. ఒక్క తప్పు వదలదు. అది సరే, ముందు ఆ చివరి అధ్యాయం ఎక్కడ పెట్టారో చెప్పండి, ప్రాణం ఆగట్లేదు.”

భూతద్దం కాస్త తటపటాయించింది.

“మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన మేడంగారు, మీ వెనకాలే నిలబడి చదువుతూ, మీరు మరీ నెమ్మదని విసుక్కుని, ఆ అధ్యాయం లాక్కుని ఒక్కరే వెళ్ళిపోయారండీ.”