శుక్రవారం నియమం

"నూనె తప్పు చెయ్యదమ్మా. మీ ఆయనే ఏదో తప్పు చేశాడు," అన్నాడు గురువు, శవపేటిక పక్కన నిలబడి.

నా భర్త క్రిస్పిన్ మెడలో ఆయనిచ్చిన నూనె సీసా అలాగే ఉంది. దాని కిందే తూటా గాయం. సీసా ఉంటే తూటా తగలదని మా మిందనావో కొండల్లో నమ్మకం. ఆ నమ్మకంతోనే మావాళ్ళు తిరుగుబాటుదార్ల మీదికి ముందు వరసలో వెళ్తారు. తుపాకులిచ్చిన సైనికులు వెనక ఉంటారు.

"శుక్రవారం మాంసం తిన్నాడా? నిజం చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? రెండేళ్ళుగా శుక్రవారం గంజి తప్ప ముట్టలేదు. మీ నూనే పని చెయ్యలేదు!"

వాకిట్లో ఎర్ర తలగుడ్డలు కట్టుకున్న ఇరవై మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపు మళ్ళీ కొండెక్కాల్సింది వాళ్ళే. ఒకడు మెడలోని సీసా తాడు విప్పబోయాడు.

అప్పుడు మా మరిది దల్మాస్యో ముందుకొచ్చాడు. "తిన్నాడు వదినా. పోయిన శుక్రవారం, పంది మాంసం. నేను చూశాను. ఇంకా ఎందుకు దాస్తావు?"

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సీసా తాడు మళ్ళీ బిగిసింది.

"తిన్నది నువ్వు కదరా!" అని అరిచాను. గురువు అప్పటికే ప్రార్థన అందుకున్నాడు. ఇరవై గొంతుల్లో నా గొంతు వినపడలేదు.

ఆ శుక్రవారం నా వంటింట్లో తలుపేసుకుని తిన్నది దల్మాస్యోనే. అన్నయ్యకు చెప్పొద్దని నన్ను బతిమాలాడు కూడా. మర్నాడు కాల్పుల్లో అన్న పక్కనే నిలబడ్డాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.