రెండువందల పన్నెండో మొక్క

గది తాళంచెవి తీసుకోవాలి. గుర్తింపు కార్డు చేయించుకోవాలి. ఫోనులో కొత్త సిమ్ము వేయించాలి. క్షేమంగా చేరానని అమ్మకు చెప్పాలి. అదే మాట నాన్నకు మళ్ళీ చెప్పాలి. ఒక ఎండుమొక్క పేరు కనిపెట్టాలి.

చిన్నది నోటుబుక్కులో రాసుకున్న పనుల్లో మొదటి ఐదూ మొదటిరోజు సాయంత్రానికే అయిపోయాయి.

ఆరోదానికి ఎనిమిది వారాలు గడువు.

ఇంట్లో అందరికన్నా చిన్నది కాబట్టి ఆమెను అందరూ చిన్నది అనే అంటారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. వేసవి చదువుకని పరాయి దేశానికి విమానం ఎక్కిందో లేదో, నాన్న కనిపించిన వాళ్ళందరికీ "మా చిన్నది మొక్కల డాక్టరు" అని చెప్పేశాడు.

పేరు కనిపెట్టకపోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ రాకపోతే నాన్న వాళ్ళకు ముఖం చూపించలేక పక్క వీధిలోంచి నడవాలి.

ప్రొఫెసరమ్మ ఒక్కొక్కరికీ ఒక షీటు ఇచ్చింది. దళసరి కాగితం మీద అతికించిన ఎండుమొక్క. చిన్నదానికి వచ్చింది రెండువందల పన్నెండో నంబరు. మొక్క పేరు, తెచ్చినవారి పేరు ఉన్న మూల మీద తెల్లకాగితం అంటించి ఉంది.

"రూలు ఒక్కటే. మీరు ఎవరినీ పేరు అడగకూడదు. ఎవరూ మీకు పేరు చెప్పకూడదు."

ప్రశ్నలు అడుగుతూ మొక్క పేరు దాకా తీసుకెళ్ళే పుస్తకం ఒకటి ఇచ్చారు, చిన్నది అది తెరిచింది. పుస్తకం అడిగిన మొదటి ప్రశ్న, పువ్వుకు రేకులు ఎన్ని?

షీటు మీద పువ్వు ఎప్పుడో రాలిపోయింది. తొడిమ మాత్రం మిగిలింది.

హాస్టల్ మెట్ల పక్క గదిలో ఒక ముసలాయన ఉండేవాడు. మోకాళ్ళ దగ్గర మట్టి అంటిన ప్యాంటు, చేతిలో నీళ్ళ డబ్బా. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే. మాటలకు మాత్రం లోటు లేదు.

"నీకు ఏ నంబరు ఇచ్చారమ్మాయ్?"

"రెండువందల పన్నెండు తాతగారూ."

"అబ్బో!" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

రెండో వారం మెట్ల మీద ఒక కుండీ వెలిసింది. అందులో ఒకే ఒక్క పిచ్చిమొక్క.

"అమ్మా, ఇక్కడొక తాత కుండీలో కలుపు పెంచుతున్నాడు," అని ఫోనులో నవ్వింది చిన్నది.

"పెద్దాయనకు చూపు ఆనదేమోనే. చూస్తూ ఊరుకున్నావా? నీకు చేతులు లేవూ?"

ఉన్నాయి. అమ్మ పక్కన వంగి చేలో కలుపు తీసిన చేతులవి. మొక్కను వేళ్ళతో సహా పీకి, కుండీ శుభ్రంగా కడిగి, బోర్లించింది.

మర్నాడు ముసలాయన ఆ బోర్లించిన కుండీ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నువ్వేనా?"

"నేనే తాతగారూ. ఇందులో నాకు కష్టమేముంది!"

నాలుగో వారం ఇంకో కుండీ ఆమె కిటికీ గట్టు మీదికే వచ్చింది. పాపం, మతిమరుపు అని జాలిపడి అదీ పీకేసింది.

ఆరో వారం మొక్క చుట్టూ పుల్లలతో కంచె కట్టి పెట్టాడు. చిన్నది ముందు కంచె పీకింది.

"ఇంత బాగా పీకడం ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?"

"మా అమ్మ దగ్గర. ఒక్క వేరు కూడా మిగలదు."

"మిగల్లేదు. వెతికాను," అన్నాడాయన. "పీకేముందు ఒక్కసారైనా చూశావా?"

"కలుపును చూసేదేముంది తాతగారూ?"

ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఎనిమిదో వారం నాలుగో కుండీ వచ్చింది. మొగ్గ వేసిన మొక్క. కంచెకు ఒక చీటీ. "తల్లీ, దీన్ని పీకకు. నీకు దణ్ణం పెడతాను."

చిన్నదానికి రోషం వచ్చింది. సాయం చేసినందుకు ఇదా మర్యాద? ఈసారి దానివైపు చూడనైనా లేదు.

చివరిరోజు పొద్దున, నాన్నకు ఏమని చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటూ మెట్లు దిగుతోంది.

కాలు ఆగిపోయింది.

నీలం పువ్వు. ఐదు రేకులు. అందులో ఒకటి మిగతావాటికన్నా పొడుగు. తొడిమ ఎడమవైపుకు వంగి ఉంది, అచ్చం షీటు మీద వంగినట్టే.

అక్కడే కూలబడి పుస్తకం తెరిచింది. అది అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు కుండీలోనే ఉంది.

"పేరు కరెక్టే," అంది ప్రొఫెసరమ్మ. "పువ్వు ఎక్కడ చూశావు?"

"హాస్టల్ మెట్ల మీద. నాకెవరూ పేరు చెప్పలేదు మేడం, ఒట్టు!"

ప్రొఫెసరమ్మ నవ్వుతూ షీటు మీది తెల్లకాగితం ఊడదీసింది.

"ఇది ఇక్కడి కొండ మీద తప్ప ఎక్కడా దానంతట అది మొలవదు. దీన్ని మొదట తెచ్చినాయన, ఈ గదిలో సగం షీట్లు తెచ్చినాయన, మీ మెట్ల పక్క గదిలోనే ఉంటారు. ఆ రూలు పెట్టిందీ ఆయనే. చెప్పకూడదన్నారు గాని, చూపించకూడదని అనలేదు."

చిన్నది పరుగెత్తింది. గదికి తాళం.

"పొద్దున్నే మళ్ళీ విత్తనాలకని కొండకు వెళ్ళాడమ్మా," అన్నాడు వాచ్‌మన్. "ఈ వయసులో ఎందుకయ్యా అంటే వినలేదు. దాచుకున్న విత్తనాలు నాలుగే ఉన్నాయట. ఎవరి కోసమో నాలుగూ వేసేశాడు. మూడు ఎవరో పీకేశారట."

ఆమె విమానం ఆ సాయంత్రమే. కుండీకి నీళ్ళు పోసి, వదులైన కంచె బిగించి, ఆయన చీటీ వెనకే "పీకలేదు తాతగారూ" అని రాసిపెట్టి వెళ్ళింది. అంతకన్నా చెప్పుకోవడానికి వీలు పడలేదు.

మీకెక్కడైనా కుండీలో ఒక పిచ్చిమొక్క ఒంటరిగా కనిపిస్తే, చెయ్యి చాచేముందు, మూడుసార్లు పీకించుకుని నాలుగోసారీ నాటిన ఆ తాతగారిని ఒక్కసారి తలుచుకోండి.