అద్దె పిల్లల తరగతి

బీఈడీ కాలేజీలకు నేను మరబొమ్మ పిల్లల్ని అద్దెకిస్తాను. మా గుంటూరులో అసలు బడిపిల్లల మీద ప్రాక్టీసు చేయనిచ్చే రోజులు పోయాయి. టీచర్ కాబోయేవాళ్లు వీళ్లకే పాఠం చెప్పి నేర్చుకోవాలి. బొమ్మలే కదా అని కొడతారు కూడా.

ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి పంపేముందు బొమ్మల జ్ఞాపకాలు తుడిచేయాలి. అందుకు ఒక రోజు పడుతుంది. సీజన్‌లో రోజు పోగొట్టుకోవడం తెలివితక్కువని నేను తుడవలేదు. విరిగిన వేళ్లు మార్చి, చెంపలకు రంగు పూసి పంపేవాణ్ని.

"మీ పిల్లలు తిరగబడుతున్నారు శేషాచలం గారూ," అని ప్రిన్సిపాల్ అంటే, "గట్టి సరుకండీ, అసలు పిల్లలు మాత్రం తక్కువా?" అనేవాణ్ని.

నిన్న మా అమ్మాయి హైమావతికి బీఈడీ ఆఖరి పరీక్ష. ముప్పై మంది బొమ్మలకు నలభై నిమిషాలు పాఠం చెప్పాలి. తరగతి ఆగిపోతే ఏడాది పోయినట్టే. సరుకు నాదే కనుక బొమ్మల్ని ఆపే స్విచ్ దగ్గర నేనే కూర్చున్నాను.

అరగంట బాగానే నడిచింది. హైమ బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తగానే ముందు బెంచీ పిల్ల కెవ్వున అరిచింది. ముప్పై మందీ మీద పడ్డారు. డస్టర్‌తో నుదురు పగలగొట్టారు. కుర్చీతో మోకాలి మీద బాదారు. ముందు బెంచీ పిల్ల హైమ మణికట్టు కొరికింది.

నేను స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఆపమాక నాన్నా! ఇంకా పది నిమిషాలే!"

నెత్తురు కారుతుండగా హైమ నేల మీద చతికిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, భిన్నాల పాఠం అందుకుంది. దెబ్బలు ఒక్కొక్కటే ఆగాయి. కొరికిన పిల్ల దగ్గరికి వచ్చి, అలవాటుగా అరచెయ్యి చాపింది.

"కొట్టేదేదో కొట్టేయండి టీచర్. ఎదురుచూడ్డం కష్టంగా ఉంది."